క వత్తు తోక

మంచినీళ్లు తెస్తానని లోపలికి వచ్చిన యమున, చెంబు ముంచి ఎంతసేపైనా కుండ దగ్గర్నుంచి కదల్లేదు.

బయట దుకాణం ముందు బెంచీ మీద మొగిలమ్మ కూర్చుని ఉంది. పొద్దున్నే ములుగు దిక్కు నుంచి బస్సెక్కి, హనుమకొండలో దిగి, ఆ సందూ ఈ సందూ అడుక్కుంటూ 'యమున గ్రాఫిక్స్' వెతుక్కుంటూ వచ్చిన మనిషి. వానకాలం నాట్ల రోజుల్లో ఆమె కూతురు తిరుమల, డిగ్రీ చదువుతున్న పిల్ల, యమునకు కూడా తెలిసిన భానుచందర్ పెట్టిన పిక్నిక్ తోటలో, పాత క్వారీ గుంతలో మునిగిపోయింది. ఆ తల్లి చేతిసంచిలోంచి ఫోన్ తీసి, గుంత గట్టు మీద నిలబెట్టిన హెచ్చరిక బోర్డు ఫోటో చూపించి, "ఈ అక్షరాలు నీయేనా చెల్లె?" అని ఒక్క మాట అడిగింది. అది వినగానే యమున నీళ్ల వంక పెట్టుకుని లోపలికి వచ్చింది.

అక్షరాలు ఆమెవే. అందులో అనుమానమేముంది?

రెండు షట్టర్ల మధ్య ఇరుకు జాగాలో దేవుడి పేరు, ఓనరు పేరు, టిఫిన్ సెంటరు పేరు అన్నీ పట్టాలంటారు బోర్డులు చేయించుకునే జనం. మామూలు అక్షరాలు పెడితే చీమల్లా అయిపోతాయి. అందుకని యమున సన్నగా, పొడుగ్గా, ఇరుకు బస్సులో నిలబడ్డ జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకునే అక్షరాలను కుంచెతో గీసింది. తలకట్టు కొంచెం పక్కకు జరిగిన టోపీలా ఉంటుంది. కొమ్ము కాలూపుతున్నట్టు ఉంటుంది. వాటికి 'కితకిత' అని పేరు పెట్టింది. తెలుగులో ఒక అక్షరం గీస్తే పని అయిపోదు. దానికి గుణింతం ఉంటుంది, వత్తులుంటాయి, వత్తుకు మళ్లీ కొమ్ములుంటాయి. దుకాణం పని అయ్యాక, వంట అయ్యాక, ఒక్కొక్కటే గీసుకుంటూ పోతే ఏళ్లు పట్టింది. కొత్తవాడలో జంపఖానాలు నేసీ నేసీ నాయినకు పట్టిన మెడనొప్పే చివరికి ఆమెకూ పట్టుకుంది.

వాటిని కంప్యూటర్ ఫాంట్‌గా మార్చి, ఫ్లెక్సీ డిజైనర్ల గ్రూపులో ఊరికే పెట్టింది, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకొమ్మని. అంతే, బజ్జీల బండ్ల మీద, పుట్టినరోజు ఫ్లెక్సీల మీద, జాతర తోరణాల మీద కితకితే. "సూస్తేనే నవ్వొస్తది యమునక్కా" అని అందరూ మెచ్చుకునేవారు. ఒక పిల్ల ప్రాణం తీసిన నీళ్ల పక్కన కూడా ఆ అక్షరాలు అలాగే నవ్వుతూ నిలబడి ఉన్నాయి.

చెంబు పట్టుకుని బయటికి వచ్చింది.

"అక్షరాలు నాయే అక్కా," అంది మొగిలమ్మ చేతికి నీళ్లిస్తూ. "బోర్డు మాత్రం నేను చేసింది కాదు. వాటితోని ఎవ్వలైన చేసుకోవచ్చు."

మొగిలమ్మ సగం చెంబు తాగి, మిగిలిన నీళ్లతో మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"నాకు సదువు రాదు చెల్లె. బస్సుల నా పక్క సీటామెతోని సదివించుకున్న. లోతు ఎక్కువ, నీళ్లల్లకు దిగరాదు అని ఉందట గద?"

"ఔనక్కా."

"నేనైతే జాతరల మిఠాయి దుకాణం బోర్డనుకున్న."

నిష్ఠూరంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టే అంది. యమునకు మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయింది. బెంచీ అంచున కూలబడింది.

"నేను కొట్లాటకు రాలే," అంది మొగిలమ్మ. "కొట్లాడే ఓపిక పోయింది. ఈ ఫోటువ సూపెట్టి, 'బోర్డు ఎండకాలం నుంచే ఉన్నది, సదువుకున్న పొల్ల, సూసి గూడ దిగింది, ఎవలేం చేస్తరు' అని తోటాయన స్టేషన్ల చెప్పిండు. ఇగ ఊర్ల గూడ గదే పాట. పొగరుకు దిగిందట నా బిడ్డ. ఫోటువల కోసం దిగిందట." ఆగి ఊపిరి పీల్చుకుంది. "బాయిల చెంబు ముంచాల్నన్నా నా కొంగు పట్టుకునేది చెల్లె. గసొంటిది పొగరుకు దిగుతదా? దోస్తు పిల్ల చెప్పు జారి నీళ్లల్ల పడితే, మోకాలిలోతే ఉంటదనుకొని అడుగేసింది. గంతే. ఆ దోస్తు పిల్ల ఏడ్సుకుంట చెప్పింది నాకు. తెల్లారి నుంచి వాళ్లమ్మనాయిన దాన్ని నోరిప్పనిస్తలేరు."

సందులోంచి ఒక ఆటో పోయింది. దాని వెనక కూడా కితకితే. యమున తల దించుకుంది.

"ఆ దినం పొద్దుగూకే దాక నేను గా గట్టు మీదనే కూసున్న," మొగిలమ్మ గొంతు అలాగే సమంగా సాగింది. "బిడ్డను పక్కన పండవెట్టుకొని కూసున్న. గట్టు సుట్టు ఏముందో నన్నడుగు, చెప్త. ఒక వేపచెట్టు, పగిలిన కుర్చీ, తెల్ల రాళ్లు. బోర్డు లేదు. సదువు రాకుంటే రాకపాయె, కండ్లున్నయ్ గద! చెప్తే ఎవ్వలు నమ్ముతలేరు. బిడ్డ పోయిన దుఃఖంల సోయి లేదంటాండ్రు."

"మరి నా దగ్గరికి..."

"మా దిక్కు ఫ్లెక్సీలు గొట్టేటాయన చెప్పిండు, ఈ అక్షరాలను పుట్టిచ్చింది నువ్వేనని. పుట్టిచ్చినామెకు ఎరుకుంటదేమో, ఇయి ఎప్పటియో. బిడ్డ ఈడు తల్లికి గాక ఎవ్వలకు ఎరుక?"

యమునకు జాలేసింది. ఎంత దూరం వచ్చింది పాపం, ఎంత చిన్న ఆశ పట్టుకుని!

"అట్ల ఎరుక గాదక్కా," అంది మెల్లగా. "అక్షరాలకు ఈడుండదు. ఒక్కపాలి గీస్తే ఎప్పటికీ అట్లనే ఉంటయ్."

ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే అలా అనుకుంది. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక, "ఏదీ, ఫోన్ ఇటియ్యి, పెద్దగ జేసి చూద్దాం" అని లోపలికి తీసుకెళ్లింది. ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పసుపుపచ్చ రేకు, దాని మీద ఎర్ర అక్షరాలు. వెనక ఆకుపచ్చటి నీళ్లు. యమున నీళ్లకేసి చూడకుండా అక్షరాలనే పెద్దవి చేసుకుంటూ పోయింది. లో. తు. ఎక్కువ.

అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది.

మొదట గీసిన కితకితలో క వత్తు తోక కిందికి వేలాడేది. అక్షరాలు ఇరుకు కావడంతో ఆ తోక పోయి కింది వరుసలో ఇరుక్కునేది. నయీంనగర్ దిక్కు మక్క గారెలు, అంటే మొక్కజొన్న గారెలు, అమ్మే కట్టమ్మ ఒకరోజు వచ్చి, "నా బండి మీద మక్క గారెలు గాదు, మక గారెలు అని సదువుతాండ్రు బిడ్డా, నవ్వుతాండ్రు, నీ వత్తుకు జర తోక కత్తిరియ్యి" అని పోరుపెట్టింది. ఆమె పోరు పడలేక యమున ఆ వత్తును మళ్లీ గీసింది. తోకను కుడివైపుకు మళ్లించి, ఉడుత తోకలా పైకి లేపింది. మొన్న దసరా ముందు బతుకమ్మ ఆడుతున్న రోజులవి. వీధిలో పాటలు వినిపిస్తుంటే ఆడటానికి పోకుండా కూర్చుని గీసినందుకు ఆడపడుచు దెప్పడం కూడా ఆమెకు గుర్తుంది.

ఫోటోలోని 'ఎక్కువ'లో, క కింద తోక పైకి లేచి ఉంది.

యమున కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఎండకాలంలో పెట్టామంటున్న బోర్డు. నాట్లప్పుడు పోయిన పిల్ల. బతుకమ్మకు గీసిన వత్తు.

"ఏమైంది చెల్లె? అట్ల బీరిపోయినవేంది?"

"అక్కా," అంది యమున. "నువ్వు చెప్పింది నిజమే. ఈ బోర్డు అప్పటిది గాదు. బతుకమ్మ పండుగ పోయినంక చేసింది. ఇగో, ఈ తోక సూడు. ఇది అంతకు ముందు ఇట్ల లేనే లేదు. అప్పుడే మలిపిన నేను."

మొగిలమ్మ తెర దగ్గరికి వంగి ఆ తోకను చూసింది. చదవడం రాని ఆ తల్లి దాన్ని వేలితో తడిమింది కూడా.

"ఇంకోపాలి చెప్పు."

"బతుకమ్మ పోయినంకనే చేసిన్రు అక్కా."

"అంటే నా బిడ్డ సూడలే."

"సూడలే. అక్కడ లేదు గద, ఎట్ల సూస్తది?"

ఏడుస్తుందనుకుంది యమున. ఏడవలేదు. ఇన్నాళ్లూ నెత్తిన మోసుకొచ్చిన మూటను ఎవరో పట్టి దించినట్టు ఆమె భుజాలు కిందికి జారాయి. "జరసేపు ఒరుగుత చెల్లె, కండ్లు తిరుగుతానయ్" అని మళ్లీ బయటికెళ్లి, బెంచీ మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. చూస్తుండగానే నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో అది.

అద్దం తలుపులోంచి ఆమెను చూస్తూ నిలబడ్డాక, అప్పుడు తట్టింది యమునకు రెండో సంగతి.

గ్రూపులో అందరికీ ఇచ్చింది పాత కితకిత. వరంగల్‌లో, ములుగులో, ఎక్కడ వాడినా ఆ పాతదే. తోక మలిపిన కొత్తది ఎవరికీ పంపలేదు. ఇంకొన్ని వత్తులు సరిచేశాక పంపుదామని, అలసటతో ఇవాళా రేపూ అనుకుంటూ వాయిదా వేసింది. అది ఉన్నది ఈ దుకాణంలోని కంప్యూటర్‌లోనే. ఈ కంప్యూటర్ ముందు కూర్చునేది ఇద్దరే. ఒకరు తను.

రెండోవాడు మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. ఆమె భర్త శేఖర్, బోర్డులు బిగించే మనిషి. ఎక్కడో రెండో అంతస్తు మీద బిగించి వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా సున్నం. డ్రిల్ మిషన్ మూలన పెట్టి, "బయట బెంచి మీద పండుకున్న ఆమె ఎవలు?" అన్నాడు.

"తిరుమల వాళ్లమ్మ."

ఏ తిరుమల అని అతను అడగలేదు. అడిగి ఉంటే యమున ఇంకా కాసేపు ఆశ పెట్టుకునేది.

"భానుచందర్ తోటల బోర్డు నువ్వే చేసినవా?"

శేఖర్ చేతులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఎవల్చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే. క వత్తు చెప్పింది." తెరను అతని వైపు తిప్పింది. "ఎప్పుడు చేసినవ్?"

"దీపావళి ముంగట. నువ్వు కొత్తవాడకు పోయిన నాడు." అబద్ధమాడే ఓపిక అతనిలోనూ లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఎండకాలంల పెట్టిన బోర్డు గాలివానకు కొట్టుకపోయిందన్నడు. అసొంటిదే ఇంకోటి కావాలె, జల్ది కావాలె అన్నడు. చేసిన."

"నమ్మినవా?"

"నమ్మాల్నని నమ్మిన," అన్నాడు శేఖర్. "మా నాయిన దవాఖానల ఉన్నప్పుడు ఎవడచ్చిండు యమునా? మా అన్నదమ్ములు వచ్చిన్రా? భానే గద వచ్చింది. నెత్తురిచ్చిండు, రాత్రులు కింద పండుకున్నడు, పాడె గూడ మోసిండు. గసొంటోడు వచ్చి తమ్మీ ఒక బోర్డు అంటే, ఎందుకురా అని ఎట్ల అడుగుత?"

అది నిజం. యమునకు కూడా తెలుసు. మామ పోయిన రోజు ఇంటిల్లిపాదికీ టీలు తెప్పించి, ఏడుస్తున్న అత్తను పట్టుకుని కూర్చోబెట్టినవాడు భానుచందరే. చెడ్డవాడు చేసిన చెడ్డ పనైతే ఆమెకు ఇంత బరువనిపించేది కాదు.

"సరే. అయిపోయింది. పోయి నిజం చెప్పు. బతుకమ్మ ఎన్కనే చేసిన అని చెప్పు."

"చెప్పినంక వాడు జైలుకు పోతడు. ఎన్క నేను పోత."

"ఆమె బిడ్డే పోయింది," అంది యమున.

శేఖర్ అద్దంలోంచి బయటికి చూసి చప్పున చూపు తిప్పుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఇను. ఆ తోక సంగతి నీకు నాకు తప్ప ఎవలకెరుక? కిందికుంటేంది, మీదికుంటేంది? ఎండకాలంలనే మలిపిన అను. అయిపాయె. పోయిన పొల్ల మర్రస్తదా?"

"అందరు ఆ పొల్లను పొగరుబోతు అంటాండ్రు. ఆమె అడిగేది గదొక్కటే. నా బిడ్డ సూడలేదని చెప్పుమంటాంది."

"నువ్వు చెప్తే మనం మునుగుతం."

కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. యమునకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఒకే కంచంలో తిన్న మనిషి మొహంలోకి చూసింది. సున్నం పడ్డ కనుబొమ్మలు, ఎండకు మాడిన ముక్కు, కదులుతున్న దవడ. అతనింకా ఏదో దాస్తున్నాడు. అది ఆమెకు దవడలోనే కనిపించింది.

"ఇంకేమున్నది? చెప్పు."

"నేను స్టేషన్ల చెప్పిన యమునా."

"ఏమని?"

"బోర్డు ఎండకాలంల మా దుకాణంలనే అయింది, రాసింది మా ఆమెనే, బిగిచ్చేనాడు ఆమె గూడ తోటకు వచ్చింది అని. దుకాణం నీ పేరు మీద ఉన్నది గద, నువ్వు చెప్తేనే చెల్లుతదని భాను అన్నడు. ఇయాల్నో రేపో సంతకానికి వస్తరు. నీకు చెప్దామనుకున్న... నోరు రాలే."

యమున లేచింది. ఏం చేయాలని లేచిందో ఆమెకే తెలియదు. కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుకుని, తాగకుండానే చెంబు కింద పెట్టింది. తను ఎన్నడూ చూడని గట్టు మీద, తను చేయని బోర్డు పక్కన, తనను తీసుకెళ్లి నిలబెట్టాడు ఈ మనిషి. పక్కన నీళ్లలోకి దిగుతున్న పిల్లను చూస్తూ నిలబడ్డట్టే అనిపించింది.

సందులో స్కూటీ ఆగిన చప్పుడైంది. ఖాకీ చీరలో హెడ్ కానిస్టేబుల్ నిర్మల దిగింది. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ మెట్టెక్కబోయి, బెంచీ మీద ఉలిక్కిపడి లేచిన మొగిలమ్మను చూసి ఆగింది.

"నువ్వేంది ఈడ? ఈడిదాక ఎందుకొచ్చినవమ్మా? ఎన్నిసార్లు చెప్పాలె, చట్టం దాని పని అది చేస్తదని?"

మొగిలమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, తలుపు దగ్గరికి వచ్చిన యమున వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరింపు లేదు. చేయాల్సిందంతా చేసేసి, ఇక చేసేదేమీ లేని మనిషి చూపు అది.

"యమున అంటే నువ్వేనా?" నిర్మల కాగితం మడత విప్పుతూ అడిగింది. "తోట బోర్డు మీరే చేసిన్రు గద. మీ ఆయన మొత్తం చెప్పిండు. చదువుకొని సంతకం పెట్టు తల్లీ, నేను ఇంకో రెండు జాగలు తిరగాలె."

కాగితం చేతికి వచ్చింది. యమున చదవలేదు. ఏముందో ఆమెకు తెలుసు. సంతకం పెడితే సాయంత్రానికి అంతా సద్దుమణుగుతుంది. శేఖర్ అన్నం తింటాడు, భానుచందర్ ఫోన్ చేసి వదినా అని పిలుస్తాడు, మొగిలమ్మ ఆఖరి బస్సు అందుకుంటుంది. ఎంత సులభం! అలసిపోయిన ఒళ్లు ఆ సులువు వైపే వాలిపోతోంది. మెడనొప్పి భుజాల దాకా పాకింది.

"మేడం," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అక్షరాలు నాయి. బోర్డు నేను చెయ్యలె. ఆ తోట నేను ఎన్నడు సూడలే. ఇందులో ఉన్నది అబద్ధం."

నిర్మల కలం మూత తీయబోతూ ఆగింది.

"ఆ పిల్ల మునిగిననాడు గట్టు మీద బోర్డు లేదు మేడం. అది ఎప్పుడు చేసిన్రో అక్షరాలను బట్టి చెప్పగలను. ఉత్తగ చెప్పుడు గాదు, నేను ఏ అక్షరం ఏ దినం గీసిన్నో కంప్యూటర్ల ఉంటది, సూపెడ్త. జర లోపలికి రాండ్రి."

మొగిలమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలల్లో పోలీసుల ముందు తన మాటను ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. నిర్మల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, విసుగ్గానో ఆలోచనగానో తెలియని ఒక నిట్టూర్పు విడిచి, "పద, ఏముందో సూద్దాం" అని చెప్పులు విడిచింది.

యమున అద్దం తలుపు తోసింది.

బల్ల మీద తెర నల్లగా ఉంది. దాని వెనక ప్లగ్గులన్నీ ఊడి వేలాడుతున్నాయి. ఇందాకటి దాకా బల్ల కింద కంప్యూటర్ డబ్బా ఉన్నచోట నాలుగు మూలలా దుమ్ము గీత మాత్రం మిగిలింది. వంటగది అవతల వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. డబ్బాను చంకన ఇరికించుకుని, ఒంటి చేత్తో బండి హ్యాండిల్ పట్టుకుని, శేఖర్ వెనక సందు మలుపు తిరుగుతున్నాడు.